మడ్డి దిగేదాకా

గడ్డపార కోసం పోయాడు. పోనీ. పోయి, బాలనర్సింహ మేస్త్రీని నిద్రలేపి, గడ్డపార అతని భుజాన పెట్టించి, బజారంతా చూసేటట్టు వెంటబెట్టుకొని వస్తాడు నా మరిది నూరుద్దీన్, అన్న చచ్చిన నలభయ్యో రోజున అన్న ఇంటి గోడ పడగొట్టడానికి. సాయంత్రం అసర్ నమాజు అయ్యాక పెద్దమనుషులు ఫాతెహా చదవడానికి వస్తారట, శరాబు సీసాలు పొదిగిన గోడ పక్కన కూర్చుని వాళ్లు దువా ఎట్లా చేస్తారట. చెయ్యమని ఎవరన్నారు? మసీదు పేషిమామ్ సాబ్ అన్నాడా? అనలేదు. ఆ ముసలాయన పోయిన శుక్రవారం తలుపు అవతల నిలబడి నన్ను పలకరించి, సబర్ చెయ్యి బిడ్డా అని చెప్పి పోయాడు, గోడ మాటే ఎత్తలేదు. అన్నది నూరుద్దీనే. వాళ్లు అంటారేమోనని వీడు అనుకున్నాడు. ఎవరో ఏదో అనుకుంటారేమోనని వీడు అనుకోవడంతోనే మా మొగుడూపెళ్లాల బతుకు తెల్లారిపోయింది.

"భాభీ, నువ్వు లోపలి అర్రల కూసో, దుమ్ము లేస్తది" అని చెప్పి మరీ పోయాడు, పెద్ద దయగలవాడి లెక్క. లోపలి అర్రలో ఏముంది? పొయ్యి, జొన్నల గుమ్మి, చీకటి. నేను ఇద్దత్‌లో ఉన్నాను, మొగుడు పోయిన ఆడది నెలల తరబడి ఇల్లు దాటకూడదు, పరాయి మగవాడి కంట పడకూడదు, అది నాకు ఎవరూ నేర్పనక్కర్లేదు, మా అమ్మ అట్లా ఉంది, మా అత్త ఉంది, నేనూ ఉంటాను. కానీ ఉండటానికి వెలుతురు కావాలి గదా. సూదిలో దారం ఎక్కాలి గదా. ఎదురింటి నీలమ్మ ఊళ్లోవాళ్ల బట్టలు మోసుకొచ్చి ఇస్తే, నేను ఈ గోడ పక్కన కూర్చుని కుట్టి ఇస్తే, అప్పుడు నా కుండ పొయ్యి మీదికి ఎక్కుతుంది. ఈ సీసాల్లోంచి వచ్చే వెలుతురు పోతే నా సూది పోయినట్టే. సూది పోతే నూరుద్దీన్ ఇంటికి పోయి వాడి పెళ్లాం పెట్టిన మెతుకులు తలవంచుకొని తినాలి. ఆ మాటా అన్నాడు. "ఇద్దత్ కాంగనే మా ఇంటికి రా భాభీ, నీకేం ఫికర్" అన్నాడు. ఫికర్ లేదట నాకు. అంట్లు తోమేదానికి ఫికర్ ఎందుకు ఉంటుంది.

ముంతలో నీళ్లు తెచ్చుకున్నాను. కత్తెర తీసుకున్నాను. వాడు గడ్డపారతో ఒక్క పోటు పొడిస్తే ఈ సీసాలన్నీ పెంకులైపోతాయి, నేను చీపురు పట్టి ఊడ్చుకోవాలి, అరికాళ్లలో గుచ్చుకుంటే పిన్నుతో తీసుకోవాలి. ఎందుకు? నా చేతులతో పెట్టినవి నా చేతులతోనే తీస్తాను. సున్నం కాదు, మట్టి. ఎర్రమట్టిలో తరిగిన గడ్డి కలిపి, నీలమ్మ ఇచ్చిన పేడ కలిపి, నేను తొక్కిన మట్టి. నీళ్లు చిలకరిస్తే చాలు, కాసేపటికి మెత్తబడుతుంది. పై వరసలో చివరి సీసా మెడ చుట్టూ నీళ్లు పోశాను, కత్తెర మొనతో గీకాను, మెడ పట్టుకొని గుంజాను, రాలేదు, ఇంకా గుంజాను. గుంజొద్దు కరీమా, బతిమాలుకోవాలె, అనేవాడు ఆయన. నవాబు బంగ్లాలో సీసాలు తీసే కొలువు మా ఆయనది, బిరడా సంగతి చెబుతూ అనేవాడు. విలాయతి సీసాలో బిరడా మెడ లోపలిదాకా దిగి ఉంటుందట, మెలికల ఇనుము దాని నడుమ తిప్పి తిప్పి దించి, సీసాను తొడల మధ్య పెట్టుకొని, ఊపిరి బిగపట్టి, మెల్లగా, మెల్లగా. చప్పుడైతే నవాబుకు చిరాకు. బిరడా ఊడేటప్పుడు నిద్రపోయే పిల్ల నిట్టూర్చినట్టు ఉండాలట. మాకు పిల్లలు లేరు, ఆ నిట్టూర్పు ఎట్లా ఉంటుందో ఆయనకెట్లా తెలిసిందో నాకు తెలియదు. బతిమాలాను. వచ్చింది సీసా, మట్టి రాలుస్తూ.

ఆ వచ్చిన సీసాను ఎక్కడ పెట్టాలో తోచలేదు. లోపల పెడితే వాడు చూస్తాడు, చూసి పగలగొడతాడు. గోడకు పడిన బొక్కలోంచే చెయ్యి బయట పెట్టి అవతలి అరుగు మీద దించాను. పగటి ఎండలో పెట్టాను, చూడనీ బజారంతా. తెల్ల సీసా అది. తెల్లవి గోడలో తక్కువ, ఎందుకంటే తెల్లవాటికి వేరే పని ఉండేది. దారాన్ని కిరసనాయిల్లో ముంచి సీసా భుజం చుట్టూ కట్టి, అంటించి, మంట చుట్టూ తిరగగానే బకెట్‌లో ముంచితే టక్కుమని రెండు ముక్కలవుతుంది. పైముక్క నూనె పోసుకోవడానికి గరాటు. కింది ముక్క అంచు ఇసుకరాయి మీద అరగదీస్తే గ్లాసు. అడుగు కూడా అట్లాగే కోసేస్తే నడుము మిగులుతుంది, అది దీపానికి చిమ్నీ. జర్మనీ యుద్ధం మొదలయ్యాక పట్నంలో కూడా చిమ్నీలు దొరకలేదు. శేరిగూడ, మంచాల ఊళ్ల నుంచి కూడా నీలమ్మ చేత అడిగించి పట్టుకుపోయారు. నూరుద్దీన్ ఇంట్లో రాత్రిపూట దీపం వెలుగుతుందే, ఆ దీపం మీద ఉన్నది ఏమిటి? శరాబు సీసా నడుము. నేను కోసిందే. వాడే వచ్చి అడిగాడు, మంచిది చూసి ఇయ్యి భాభీ అని. వాడి కొట్టులో బెల్లం పాకం పోసే గరాటు ఏమిటి? శరాబు సీసా మెడ. ముక్కలు చేస్తే పాపం పోతుంది కాబోలు. నిండు సీసాగా గోడలో ఉంటే మాత్రం అల్లా పంపే ఫరిష్తాలు గడప తొక్కరు.

రెండోది వచ్చింది. మూడోది వచ్చింది. ఆకుపచ్చవి. కోపం ఉంటే పని తొందరగా అవుతుంది, ఇది నాకు నాట్లనాటి నుంచీ తెలుసు. అవును, నేనూ నాట్లు వేశాను. పెద్దచెరువు కింద వరిమళ్లలో నీలమ్మ పక్కన వంగి నాట్లు వేసినదాన్నే. అప్పుడు మా ఆయన చాంద్ పాషా చెరువు కట్ట మీద నవాబుగారి షికారు బంగ్లాలో గడ్డి కోసేవాడు, బాతుల వేటకు దొరలు వస్తే పుట్టి నడిపేవాడు. అప్పుడు నా మొఖం ఊరందరూ చూశారు, ఒక్కడికీ ఏమీ కాలేదు. తర్వాత నవాబుకు ఎవరో చెప్పారు, ఈ చాంద్ పాషా చుక్క ముట్టడు అని. తాగనివాడు దొంగతనం చెయ్యడని నవాబు ఈయనను సీసాలు తీసే పనిలో పెట్టాడు. తెల్లకోటు ఇచ్చాడు, మెలికల ఇనుము ఇచ్చాడు. తాగడు కాబట్టి శరాబు ఆయన చేతికి వచ్చింది, ఇదీ మా అదృష్టం. ఆయన పేషిమామ్ సాబ్ దగ్గరకు పోయి అడిగాడు కూడా, ఈ పని చెయ్యొచ్చా అని. మానెయ్యగలిగితే మానెయ్యి, ఎప్పుడు వీలైతే అప్పుడు మానెయ్యి అన్నాడాయన. ఈయన మానేస్తానన్నాడు. మాననివ్వనిది ఎవరు? నూరుద్దీన్. "బంగ్లా కొలువు అన్నా! మన ఖాందాన్‌ల ఎవరికి దొరికింది గసొంటిది?" అన్నాడు. అన్న తెల్లకోటు వేసుకొని బజార్లో నడిస్తే పక్కన వీడు నడిచేవాడు, వీడి కొట్టుకు బేరాలు పెరిగాయి.

ఆ కొలువుతోనే నాకు పరదా వచ్చింది. బంగ్లా ఖాన్సామా భార్య పొలంలో వంగి ఉంటే ఎట్లా, బజారు వైపు కిటికీలోంచి నీలమ్మతో ముచ్చట్లు పెడితే ఎట్లా, మనకంటూ ఒక ఇజ్జత్ వచ్చింది గదా అన్నాడు నూరుద్దీన్. కిటికీ చట్రం పీకించాడు. చట్రం టేకుది, తన కొట్టుకు పెట్టించుకున్నాడు, ఇప్పటికీ ఉంది. ఆ ఖాళీలో బాలనర్సింహ చేత పచ్చి ఇటుకలు పేర్పించాడు. ఆనాడు మా ఆయన ఇంట్లో లేడు, బంగ్లాలో ఉన్నాడు. పొద్దుగూకాక వచ్చి, గోడ చూసి, నా వైపు చూసి, కోటు విప్పి కొయ్యకు తగిలించి, చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు. ఏమన్నా అను అని నేను అరిచాను. అనలేదు. అది ఆయన మీద నాకున్న కోపం. చచ్చినవాడి మీద కోపం పెట్టుకోకూడదంటారు, నేను పెట్టుకుంటాను. ఆ రోజు తమ్ముణ్ని ఒక్క మాట అని ఉంటే నాకు ఈ రోజు ఉండేది కాదు.

చేతులు మాత్రం కడిగేవాడు. అబ్బ, ఏం కడగడం. బూడిద పెట్టి, ఇసుక పెట్టి, కుంకుడుకాయ నురగ పెట్టి, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద. బిరడా తీశాక దాన్ని వాసన చూసి, చెడిందా బాగుందా చెప్పాలని నవాబు హుకుం. వాసన చూస్తే తాగినట్టా కరీమా, అని అడిగాడు ఒకసారి, చిన్నపిల్లవాడు అడిగినట్టు. నాకేం తెలుసు. వాసన వచ్చిన రోజు నా పక్కకు వచ్చేవాడు కాదు, పెరట్లో మంచం వేసుకొని పడుకునేవాడు, దోమలు పీకినా. నేను చీకట్లో లోపల, ఆయన చీకట్లో బయట. మాకు మధ్య ఆ నవాబుగారి బిరడా.

పై వరస అయిపోయింది. అప్పుడు చూశాను.

నిజానికి నేను ఇది అనుకొని మొదలుపెట్టలేదు. సీసాలు పగలకుండా కాపాడుకోవాలనే మొదలుపెట్టాను, అంతకుమించి నా బుర్రలో ఏమీ లేదు. పై వరస అంతా పోయేసరికి జానెడు మేర ఖాళీ వచ్చింది, ఆ ఖాళీలోంచి గాలి నా మొఖానికి కొట్టింది. చెరువు మీదినుంచి వచ్చే గాలి, నీరూ తుంగా కలిసిన వాసన. కళ్లు మూసుకున్నాను. తెరిచాను. బజారు. ఎదురింటి గోడకు నీలమ్మ ఎప్పుడు సున్నం వేయించింది? జాజు పట్టెలు కూడా. ఆ మూల వేపచెట్టు కొట్టేశారా? పట్నం పోయే బండ్లు ఆగే చోట ఎవరో పాక వేశారు. సీసాల్లోంచి ఇన్నేళ్లూ ఇవన్నీ పచ్చగా కదిలే మరకలే నాకు. బండి పోతే మరక, మనిషి పోతే చిన్న మరక. ఇప్పుడు ఎద్దు కొమ్ముకు కట్టిన ఎర్రదారం కూడా కనిపిస్తోంది. నాకు ఏడుపు రావాలి. రాలేదు, ఒళ్లు మండింది. ఇంత ఉందా బయట, ఇంతా ఇక్కడే ఉందా, నా గోడకు అవతల, జానెడు దూరంలో?

నీలమ్మ అరుగు మీద బియ్యం చెరుగుతోంది. తల ఎత్తింది. చేట వదిలేసి రోడ్డు దాటి వచ్చింది.

"అక్కా! నీ మొఖం కనవడ్తుంది!"

"కనవడనీ."

"అరె, ఇద్దత్‌ల ఉన్నవ్ గదనే. అటు నుంచి మొగోళ్లు వస్తరు. మీ మరిది చూస్తె ఏమంటడు?"

"సీసాలు తియ్యుమన్నడు, తీస్తున్న."

నీలమ్మ నన్ను చూసింది, అరుగు మీద వరసగా ఉన్న సీసాలను చూసింది, మళ్లీ నన్ను చూసింది. నా కంటే ముందు దానికి అర్థమైందనుకుంటాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నువ్వు బక్కగైనవే అక్కా" అంది. ఇన్నేళ్లు తలుపు సందులోంచి బట్టలు అందించింది, నా చేతులు చూసింది గానీ నన్ను వెలుతురులో చూడలేదు అది. పోయి మళ్లీ చేట పట్టుకుంది గానీ చెరగడం లేదు, ఇటే చూస్తోంది.

రెండో వరస. ఇవి తేనెరంగువి. ఇవి ఒక్కొక్కటిగా చేరాయి గోడలోకి. ఇటుకలు పేర్చాక నేను చీకట్లో కూర్చుని సూది వేలికి గుచ్చుకొని, గుచ్చుకొని, ఒకనాడు కోపం పట్టలేక కత్తెరతో ఒక ఇటుకను తొలిచి పడేశాను. ఆ బొక్కలో పెట్టడానికి చేతికి దొరికింది పెరట్లో పడి ఉన్న సీసా. ఆయన బంగ్లా నుంచి తెచ్చి పడేసింది. పెట్టగానే నా ఒడిలో పచ్చటి వెలుగు పడింది, చెయ్యి పెడితే చెయ్యి పచ్చగా అయింది. లోపలివాళ్లు బయటివాళ్లకు కనపడరు, వెలుగు మాత్రం వస్తుంది. పరదా చెడలేదు, నా కళ్లూ చెడలేదు. ఆయన చూశాడు.  మర్నాటి నుంచీ బంగ్లాలో ఖాళీ అయిన సీసాల్లో ఒకే పొడుగువి ఏరి, కోటు జేబుల్లో పెట్టుకొని, కడిగి, తుడిచి, గుమ్మం పక్కన పెట్టి పోయేవాడు. ఒకసారి నీలంది ఒకటి తెచ్చాడు, అందులో ఏం పోస్తారో ఆయనకే తెలియదు. మా ఆయన నాతో మాట్లాడిన మాటలు తక్కువ. ఈ గోడంతా ఆయన మాటలే అనుకున్నాను నేను. దీన్ని గడ్డపారతో పొడుస్తాడట.

మొదటి సీసా మాత్రం వేరు. అడుగు వరసలో, ఎడమ మూలన ఉంది. దాని అడుగున ఊదారంగు మరక ఉంది, ఇసుక వేసి ఊపినా పోలేదు. దాని సంగతి ఆయన ఒక్కసారే చెప్పాడు, అదీ నేను పీకితే. కొలువులో చేరిన కొత్తలో, సికింద్రాబాదు నుంచి తెల్లదొరలు వచ్చిన రోజు. నవాబు తన తండ్రినాటి పాత సీసా ఒకటి తెప్పించాడు. ఆయన దాన్ని వెలుతురులో పెట్టి చూస్తే అడుగున మడ్డి కనబడింది. దవాఖానా మందు సీసాలోనూ అట్లాగే ఉంటుంది గదా, కాంపౌండర్ ప్రతిసారీ చెబుతాడు గదా, బాగా ఊపి తాగాలె, లేకుంటే మందంతా అడుగునే ఉంటది అని. దొరలకు మంచి జరగాలనే ఆయన సీసాను రెండు చేతులా పట్టుకొని బాగా ఊపాడు. అందరి ముందూ, శ్రద్ధగా. పాత శరాబును కదిలించకూడదట, మడ్డి అంతా కలిసి బురద అయిపోతుందట. ఎవరు చెప్పారు ఆయనకు? చుక్క ముట్టనివాడనే గదా ఆ పనిలో పెట్టారు? దొరలు నవ్వారట. నవాబు నవ్వలేదు. సీసా అట్లాగే రెండు చేతులా పట్టుకొని గోడ పక్కన నిలబడు, మడ్డి మళ్లీ కిందికి దిగేదాకా కదలకు అన్నాడట.

నిలబడ్డాడు. వాళ్లు తిన్నారు, పేకాడారు, పడుకోవడానికి పోయారు. ఆయనను ఇక చాలు అనడం ఎవరికీ గుర్తు రాలేదు. దీపాలు ఆర్పేసినా నిలబడ్డాడు. తెల్లవారి ఊడ్వడానికి వచ్చిన సిద్దయ్య చూసి, ఇంకా ఎందుకు నిలబడ్డవ్ పాషా, ఇంటికి పో అంటే అప్పుడు కదిలాడు. ఆ శరాబు ఎవరూ తాగలేదు. కట్ట మీద పారబోసి సీసా ఇంటికి తెచ్చాడు, పెరట్లో పడేశాడు. రెండు రోజులు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేకపోయాడు, నేను తినిపించాను. నేను నూరుద్దీన్‌ను పిలిపించి తలుపు వెనక నిలబడి చెప్పాను, మీ అన్న చేత ఆ పని మాన్పించు అని. వాడేమన్నాడు? వాడి మాటలు నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి. "పెద్దోళ్ల కొలువంటె గట్లనే ఉంటది భాభీ. నిలబడుమంటె నిలబడాలె. అందుల తప్పేమున్నది?"

గోడ సగం పోయింది. ఇప్పుడు నా మొఖం, మెడ, భుజాలు బయటికి కనబడుతున్నాయి. రోడ్డు మీద ఎవరో పోతూ చూసి, గబుక్కున తల తిప్పుకొని పోయారు. నేను తిప్పుకోలేదు. చెయ్యి ఆగలేదు. మట్టి గోళ్లలో దూరింది, ఒక సీసా మెడ దగ్గర పెచ్చు ఊడి వేలు తెగింది, రక్తాన్ని ముంతలో నీళ్లతో గబగబా కడిగేశాను. ఎందుకంటే ఆయనను తీసుకుపోయింది ఇట్లాంటిదే. యుద్ధం మూలాన విలాయతి నుంచి కొత్త సరుకు రావడం ఆగిపోయింది, నవాబు అటక మీది పాత సీసాలన్నీ దించాడు. ఎండి బిగుసుకుపోయిన బిరడాలు. బతిమాలితే రావు, గుంజితే చిట్లుతాయి. ఎన్నడూ గుంజనివాడు గుంజాడు, మెడ పగిలి అరచేతిలో దిగింది. దస్తీ చుట్టి మిగతా సీసాలు కూడా తీశాడట ఆ పూట, అతిథులు ఉన్నారు గదా. వారం తిరగలేదు, దవడ బిగుసుకుపోయింది. నీళ్లు దిగలేదు. పట్నం దవాఖానాకు తీసుకుపోదాం, నవాబును మోటారు అడుగు అని నేను నూరుద్దీన్ కాళ్ల మీద పడ్డాను. పడ్డాను, అవును, నా కంటే చిన్నవాడి కాళ్ల మీద. "ఇంట్ల అతిథులున్నరట భాభీ, ఇప్పుడు పోయి పెద్దోళ్లను సతాయిస్తె ఏమనుకుంటరు?" అన్నాడు. ఎద్దులబండి కట్టేసరికి ఆయన విల్లులా వంగిపోయాడు, పట్నం దారిలో మన్నెగూడ దాటకముందే ప్రాణం పోయింది. బండి వెనక్కి తిప్పారు.

ఏమనుకుంటారు. ఏమనుకుంటారు. ఏమనుకుంటారు.

చివరి సీసా వచ్చింది, అడుగున ఊదా మరక ఉన్నది. దాన్ని కూడా అరుగు మీద పెట్టాను, అన్నిటికంటే చివర. పెట్టి, మట్టిచేతులు కొంగుకు తుడుచుకొని, కిటికీ ముందు పీట వేసుకొని కూర్చున్నాను. గోడలో సీసాలు లేవు. ఇటుకలు ఎప్పుడో నేను తవ్వి పెరట్లో కలిపేశాను. సీసాలు పోతే మిగిలింది నా పాత కిటికీ, చట్రం లేదు, తలుపు లేదు, ఉన్నదంతా నేను.

వాళ్లు వచ్చారు. నూరుద్దీన్ ముందు, బాలనర్సింహ వెనక, గడ్డపార భుజాన. నూరుద్దీన్ అరుగు మీది సీసాలను ముందు చూశాడు, తర్వాత తల ఎత్తాడు. 

"భాభీ! ఏం జేస్తున్నవ్? లోపలికి పో!"

"ఇది లోపలే. నేను ఇంట్లనే ఉన్న."

"అందరికి కనవడుతున్నవ్!"

"సీసాలు తియ్యుమంటివి. తీసిన. ఫాతెహాకు అడ్డం లేదు గద ఇగ."

వాడు బాలనర్సింహ వైపు తిరిగాడు. "బంద్ చెయ్. జల్ది ఇటుకలు పెట్టు!"

బాలనర్సింహ గడ్డపార కిందికి దించి దాని మీద చెయ్యి ఆనించాడు. నా వైపు చూడకుండా, నేల చూస్తూ మాట్లాడాడు, మంచివాడు. "పడగొట్టాలె అంటివి, గడ్డపార తెచ్చిన. కట్టాలె అనలే. ఇటుకలేవి, మట్టేది? ఇయ్యాల మట్టి తొక్కితె రేపటికి గద." కాస్త ఆగి, ఇంకా నేల చూస్తూనే అన్నాడు. "ఈ కిటికీ ఒకపారి నేనే మూసిన. మళ్ల నాతోటి కాదు నూరుద్దీనన్నా."

మసీదు వైపు నుంచి మాటలు వినిపిస్తున్నాయి. అజాన్ అయిపోయింది. నమాజు కాగానే చెప్పులు వేసుకొని నలుగురూ ఇటే బయలుదేరతారు. నూరుద్దీన్ ఆ మూల చూశాడు, నన్ను చూశాడు, తన తువ్వాలు తీసి కిటికీకి అడ్డం పట్టాడు, గాలికి ఆగలేదు. కొట్టు యజమాని, పెద్దమనుషుల పక్కన కూర్చునేవాడు, అన్న భార్యకు తువ్వాలు అడ్డం పట్టుకొని బజార్లో నిలబడ్డాడు. నీలమ్మ చేటలో ఒక్క గింజ కదలడం లేదు.

"భాభీ, నీకు దండం పెడ్త. మళ్ల పెట్టు."

"ఏం పెట్టాలె?"

"గవే."

"గవి అంటె?"

"సీసాలే భాభీ, సీసాలు పెట్టు! నమాజు కాంగనే వస్తరు!"

"నేను బయటికి రావద్దు గద. ఇద్దత్‌ల ఉన్న. నువ్వే అందియ్యి."

బాలనర్సింహ వంగి ఒక సీసా అందుకోబోయాడు. నువ్వు కాదు, అన్నాను. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నూరుద్దీన్ వంగాడు. మొదటి సీసాను తువ్వాలుతో పట్టుకోబోయాడు, జారింది. ఒట్టి చేతులతో పట్టుకున్నాడు. అందించాడు. నేను తీసుకొని తడిమట్టిలో పెట్టాను. ఇంకోటి. ఇంకోటి. పచ్చవి, తేనెరంగువి, నీలంది. వాడి కుర్తాకు మట్టి అంటింది, చేతులకు మట్టి అంటింది, ఒక్కటి కూడా పగలగొట్టలేదు, అన్న కంటే జాగ్రత్తగా పట్టుకున్నాడు. ఆనుకొని ఆనుకొని వరసలు లేచాయి. వెలుతురు మళ్లీ పచ్చబడింది, బజారు మళ్లీ మరకలైంది. నా కోపం మాత్రం తగ్గలేదు, పని అవుతున్న కొద్దీ పెరిగింది.

ఒక్క బొక్క మిగిలింది, నా కళ్ల ఎదుట. అరుగు మీద ఒక్క సీసా మిగిలింది, మరక ఉన్నది. వాడు దాన్ని ఎత్తి, ఒక చేత్తో చాపాడు.

"రెండు చేతుల పట్టు" అన్నాను.

పట్టాడు. మూల తిరిగి వస్తున్న తెల్ల టోపీలు నాకూ కనబడుతున్నాయి, పేషిమామ్ సాబ్ అందరికంటే ముందు, కర్ర ఊతంగా.

"తీస్కో భాభీ, వచ్చిన్రు!"

"అడుగున మడ్డి కనవడుతుందా?"

"ఏం మడ్డి? అవ్, ఏదో ఉంది. తీస్కో!"

"అది దిగేదాక కదలకు."

వాడికి మొదట అర్థం కాలేదు. నా కళ్లలోకి చూశాడు, ఆ ఒక్క బొక్కలోంచి. ఆ తర్వాత అర్థమైంది.  వాడి మాటే వాడికి చెప్పాను, అక్షరం పొల్లు పోకుండా.

"నిలబడుమంటె నిలబడాలె. అందుల తప్పేమున్నది?"

పెద్దమనుషులు దగ్గరకు వచ్చారు, సలాం చెప్పారు. వాడు పక్కకు తప్పుకుంటే ఆ బొక్కలో నా మొఖం వాళ్లకు కనబడుతుంది, అందుకని శరాబు సీసా రెండు చేతులా పట్టుకొని అన్న కిటికీ ముందు నిలబడ్డాడు. నేను చెయ్యి చాపలేదు. కాసేపటికి వాడి చేతులు వణకడం మొదలుపెట్టాయి. మా ఆయన చేతులు ఎప్పుడు వణకడం మొదలుపెట్టాయో నాకు చెప్పనే లేదు.